గోరువెచ్చ

మొదటి తోడు నాంచారమ్మ పిన్ని ఇంట్లోనే తోడుకుంది. మిగతా అందరి ఇళ్ళలోనూ విరిగింది.

ఈ మాట మా ఆడపడుచు వకుళకు ఇప్పటికీ నచ్చదు. అది పాలలో వేసే తోడు కాదనీ, నేలలో వేసే సూక్ష్మజీవి అనీ, తన ప్రయోగశాలలో దానికి పొడుగాటి పేరొకటి ఉందనీ సరిదిద్దుతుంది. కానీ మా రేగులంకలో ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. కాస్త తెచ్చి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి, మూతపెట్టి, కదపకుండా ఉంచితే తెల్లారేసరికి చిక్కబడే దాన్ని తోడు అనక ఇంకేమంటారు?

తోట వెయ్యాలనుకున్న చోటు ఒకప్పటి రొయ్యల చెరువు. అంతకుముందు అక్కడ వరి పండేది. నేల తవ్వి, ఉప్పునీళ్ళు పెట్టి, మేతలూ మందులూ పోసి, తెగులు తగిలి రొయ్యలు పోయాక చెరువులవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. నీళ్ళు ఇంకిపోయాక తెల్లగా పొరలు కట్టిన చెరువు అడుగు మిగిలింది. గట్టు మీద, నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరేటర్ల తుప్పు పట్టిన చక్రాలు మిగిలాయి. గడ్డిపరక కూడా లేని ఆ చోట ఊరి ఆడవాళ్ళకు తలా ఒక మడి ఇచ్చి, మందులు వెయ్యని కూరగాయల తోట చేయిస్తానని వకుళ అన్నప్పుడు, మా పక్కింటి కాసులు గట్టెక్కి అటూ ఇటూ చూసి, ఇక్కడ కాసిన వంకాయకు కూరలో ఉప్పెయ్యక్కర్లేదులే అంది. అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది. అయినా తలా ఒక పొడి పొట్లం పంచింది.

ఆమె కనిపెట్టినది బూజు జాతిది. నేలలో సన్నని తెల్లని పోగులుగా పాకుతుంది. ఉప్పును తన ఒంట్లో కట్టేసుకుంటుంది. ఒక మొక్క వేరును ఇంకో మొక్క వేరుతో కలిపి, ఉన్న చోటి నుంచి లేని చోటికి నీళ్ళూ తీపీ మోస్తుంది. ఏ రకం మా ఉప్పుకు తట్టుకుంటుందో చూడాలని వకుళ ప్రతి మడికీ వేరే రకం తెచ్చింది. తవుడూ బెల్లమూ వేసిన గోరువెచ్చని నీళ్ళలో పొడి కలిపి ఒక రాత్రి ఉంచమంది. చేతులకు వేసుకోవడానికి రబ్బరు తొడుగులు కూడా ఇచ్చింది. మేము వాటిని ఎండుమిరపకాయలు తుంచేటప్పుడు పనికొస్తాయని దాచుకున్నాం.

మర్నాడు మూతలు తీస్తే ఏ ఇంట చూసినా కుళ్ళిన వాసన. నాంచారమ్మ పిన్ని బకెట్టులో మాత్రం మీగడలాంటి తెల్లని పొర. ఆ సాయంత్రమే కాసులు గిన్నె పట్టుకుని పిన్ని గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక నేను, నా వెనక మిగతావాళ్ళు. దీపాలు పెట్టాక ఏ ఇంటివాళ్ళూ తోడు బయటికి ఇవ్వరు కనుక అందరం తొందరపడుతున్నాం. పిన్ని తలా గరిటెడు వేసింది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. పెరుగు విరిగితే పక్కింటి గడప తొక్కడం మాకు అలవాటే.

తర్వాతి వారం వకుళ వచ్చింది. మడి మడికీ గుచ్చిన చీటీలు చూసుకుంటూ వస్తున్న ఆమెకు నేనే విషయం చెప్పాను. ఆమె ఏరేటరు చక్రం మీద కూలబడింది. అన్ని ప్రయోగాలూ కలిపి ఒక్కటి చేసేశారు కదా వదినా అంది. తర్వాత లేచి పిన్ని మడి దగ్గరికి వెళ్ళి, తొడుగులు వేసుకునే కలిపారా అని అడిగింది.

పిన్ని మట్టి గుల్ల చేస్తూ తలెత్తింది. "తొడుగేసుకుంటే వేడి ఎట్టా తెలుస్తదమ్మా? గోరువెచ్చ అని నువ్వే గదా చెప్పావు. గోరు పెట్టకుండా గోరువెచ్చ ఎట్టా అవుద్ది?"

గోరు అని ఊరుకుంది గాని, మోచేతి దాకా ముంచి తిప్పానని తర్వాత ఆమే చెప్పింది. వకుళ నవ్వలేదు. ఇంటికి వస్తున్నప్పుడు దారిలో నాకు వివరించింది. ఆ పొడి మేలుకునే తొలి గడియల్లో ఏ వేరు తగిలితే ఆ వేరును తనదిగా గుర్తుపెట్టుకుంటుంది. దానికి ఏది తక్కువైతే అది తెచ్చి పెట్టడమే ఇక దాని పని. దాన్నుంచి పుట్టిన పోగులన్నిటికీ ఆ గుర్తు ఉంటుంది. వేరుకు బదులు చెయ్యి తగిలితే ఏమవుతుందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఈ తోట లెక్కలో పిన్ని కూడా ఒక మొక్కే వదినా," అంది.

*

ఆ ఏడు తోట ఎలా వచ్చిందో చెబితే చూడనివాళ్ళు నమ్మరు. శీతాకాలం పొద్దున్నే మంచు చెరువు గట్ల మధ్య నిండుగా నిలిచేది, పాతనీళ్ళే తిరిగి వచ్చినట్టు. దాని లోపలికి దిగి నడుస్తుంటే ముందు పాదాలకు చల్లదనం తెలిసేది, తర్వాత కొత్తిమీర వాసన, ఆ తర్వాతే ఆకులు కనిపించేవి. తెల్లని పొర ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఒకనాడు వంగి మట్టి తీస్తే నల్లగా, తడిగా, పిండిలా వేళ్ళ మధ్య విడిపోయింది.

కాసులు కూతురి పురిటికని వెళ్ళి, మడికి నీళ్ళు పెట్టమని ఎవరికీ చెప్పడం మరిచిపోయింది. తిరిగొచ్చి చూస్తే చిక్కుడుపాదు పందిరి దాటి పాకుతోంది. చుట్టుపక్కల మడులవాళ్ళకు ఆ వారం నీళ్ళు కాస్త ఎక్కువ పట్టాయంతే. పిన్ని నడుస్తుంటే మాత్రం ఆమె వెళ్ళిన వైపుకు ఆకులు ఒక్క పిసరు తిరిగేవి. గాలి అనుకునేవాళ్ళం. గాలి లేనినాడు ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

సంక్రాంతి వెళ్ళాక వకుళ నన్నూ పిన్నినీ బందరులో తన ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. ఒక పాత ఇంటి మేడ మీద రెండు గదులు. కిటికీ పక్కన గాజుపెట్టె నిండా మా తోట మట్టి. గాజుకు ఆనుకుని పోగులు సేమ్యాలా కనిపిస్తున్నాయి. వకుళ తన అరచెయ్యి మట్టి మీద పెట్టి చాలాసేపు ఉంచింది. ఏమీ కాలేదు. పిన్నిని పెట్టమంది.

పిన్ని చేతి గాజులు వెనక్కి తోసుకుని చెయ్యి ఆన్చింది. కింద వీధిలో ఎవరో బకెట్టు దించిన చప్పుడు వినిపించింది. పోగులు కదిలాయి. అన్ని వైపుల నుంచీ, తొందర లేకుండా, సాయంత్రం ఇల్లు చేరే పశువుల్లా ఆమె చెయ్యి కిందికి చేరాయి. పిన్ని వాటికేసి వంగి, ఆకలేస్తందా మీకు అని మెల్లగా అడిగింది.

వకుళ భూతద్దంలోంచి చూస్తూ, అవి తీసుకోవడానికి రాలేదంది. పిన్ని చెయ్యి ఎత్తితే అరచేతి నిండా చిన్న చిన్న తడిచుక్కలు. వకుళ వాటిని గాజుపలక మీదికి తీసుకుని పక్కగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చాక ఆమె ముఖం మారిపోయింది. పెట్టె మట్టిలో ఉన్న ఇనుమంతా ఏరి తెచ్చినట్టుందని చెప్పి, ఒంట్లో ఎలా ఉంటోంది పిన్నీ అని అడిగింది.

పిన్ని చెంగుతో చెయ్యి తుడుచుకుంది. ఈ సందులో పునుగులు బాగుంటాయట, తిని పోదాం పదమంది.

తిరుగు బస్సులో, కిటికీ బయట ఉప్పుమడులు వెనక్కి పోతుండగా, నాకు మాత్రం చెప్పింది. ఎముకల్లో రక్తం ఊరడం తగ్గిపోయిందట. పెద్దాసుపత్రిలో తొలకరి దాకా చూద్దామన్నారు, ఆ తర్వాత మాట ఎత్తలేదు. కొడుక్కి చెప్పలేదు. మొదట్లో గుమ్మం ఎక్కితే కళ్ళు తిరిగేవట. తన మడిలో గోంగూర, తోటకూర తినడం మొదలుపెట్టాక డాబా ఎక్కి వడియాలు పెట్టి వస్తోందట.

"ఎవరితోనూ అనబాకమ్మాయ్. జాలి మొహాలు చూస్తా అన్నం తినలేను," అంది.

నేను అనలేదు. వకుళతో కూడా అనలేదు, ఆమెకు తెలుసని నాకు తెలిసినా.

*

ఎండలు ముదిరేసరికి తోట పాలిపోవడం మొదలైంది. ముందు దూరపు మడులు, తర్వాత దగ్గరివి. బీరపిందెలు గోరంత కాగానే పసుపెక్కి రాలేవి. నా మడిలో టమాటా ఆకులు కాగితంలా పలచబడ్డాయి. పిన్ని మడి ఒక్కటే నల్లటి ఆకుపచ్చతో నిగనిగలాడుతోంది. తోటకూర కాడలు బొటనవేలి లావున, గట్టిగా, విరిస్తే ఎర్రని నీరు కారుతూ ఉన్నాయి.

ఆడవాళ్ళు ఒకరి మడి ఒకరు చూసుకోవడంలో ఎంత నేర్పరులో చెప్పనక్కర్లేదు. కాసులు మూడుసార్లు ఊరుకుని నాలుగోసారి అందరూ వినేలా అంది. "అత్తా, చాటుగా యూరియా ఏమన్నా చల్లుకుంటన్నావా ఏంటి?"

"చల్లుతున్నానే, నా మొహానికి," అని పిన్ని నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

వకుళ వచ్చి మట్టి తీసుకెళ్ళింది. మళ్ళీ వచ్చినప్పుడు ముందు మా ఇంటికే వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని, నేను కూర తరుగుతుంటే చెప్పింది. వేర్లన్నీ ఉన్నది కాక లేనిది కూడా పిన్ని మడికి పంపుతున్నాయి. ఇలాగే ఉంటే తొలకరికి ఏ మడీ మిగలదు. పోగులు చస్తే, అవి పట్టి ఉంచిన ఉప్పంతా ఒక్కసారిగా పైకి వస్తుంది. మళ్ళీ పాత చెరువడుగే. దారి ఒకటే. పిన్ని మడి చుట్టూ నడుములోతు కందకం తవ్వి, రొయ్యల చెరువులకు పరిచే మందపాటి ప్లాస్టిక్ పట్టా నిలువుగా దించి, ఆ మడిని తోట నుంచి విడదీయాలి.

మరి పిన్నికో అని అడిగాను. వకుళ బెండకాయ తొడిమ ఒకటి తీసుకుని పీట అంచున గీతలు గీస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం అందరం గట్టు మీద చేరాం. కందకం ఎందుకో వకుళ సగం చెప్పి ఆగిపోయింది. మిగతా సగం పిన్నే చెప్పింది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా. జబ్బు పేరు చెప్పింది, ఆసుపత్రి మాట చెప్పింది, మీ అందరి మడుల్లోదీ నేనే తింటన్నానంది. కాసులు తలకాయ దించుకుంది.

"తవ్వండి," అంది పిన్ని. "నా ఒక్కదాని కోసం ఊరి కూర ఎండబెడతారా?"

చివరికి కాసులే లేచింది. పార ఆమె చేతిలోనే ఉంది. పిన్ని మడి అంచున నిలబడి ఒక్క పోటు వేసింది. మట్టిపెళ్ళ విడివడింది. మధ్యలో తెల్లని పోగులు సాగి, తెగి, అంచుల్లో వేలాడాయి. ఆ క్షణాన తోటంతా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఆకులు ఒకేసారి కిందికి వాలాయి. నీడ పడ్డట్టయింది. గట్టు మీద కూర్చున్న పిన్ని తన మణికట్టు గట్టిగా పట్టుకుంది, అక్కడ ఏదో చురుక్కుమన్నట్టు.

కాసులు పార వదిలేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళను మళ్ళీ దాని చోటనే పెట్టి, గోడకు మట్టి మెత్తినట్టు రెండు చేతులతో అదిమింది.

అప్పుడు నేను వకుళను అడిగాను, ఒక చెయ్యి గుర్తుపట్టినది ఇంకో చేతిని గుర్తుపట్టలేదా అని. మా ఇంట్లో తోడు మరీ పులిసిపోతే పారబొయ్యం, ఇంకో ఇంటి తోడు కొంచెం కలుపుతాం.

మట్టిని మళ్ళీ బెల్లపు నీళ్ళలో మేలుకొలిపితే గుర్తుపడుతుందని వకుళ ఒప్పుకుంది. అందరి చేతులూ గుర్తుంటే అది పిన్నికి తోటంతా దోచిపెట్టదు, మిగతావాళ్ళకు ఉంచి ఇస్తుంది. కందకంతో పిన్నికి ఏమీ దక్కదు, ఇప్పుడున్నట్టుంటే తోట ఉన్నన్నాళ్ళూ దక్కుతుంది, ఇలా చేస్తే ఆ రెంటికీ మధ్యన. కానీ అది అక్కడితో ఆగదు. రేపు ఇంకెవరికి ఏది తక్కువైనా అందరి మడులూ కొంచెం కొంచెం పాలిపోతాయి. ఎవరి మడి నల్లబడిందో చూస్తే ఎవరికి బాగాలేదో తెలిసిపోతుంది. గుర్తు ఒకసారి పడితే పోదు.

"అంటే మా ఆయనకి చెప్పకముందే ఊరికి తెలిసిపోద్దా నా సంగతి?" అంది కాసులు.

"తెలిసిపోతుంది."

"ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేనియ్యి కూడా ఉంటయ్యి కదమ్మా ఆడాళ్ళకి."

అందరికీ ఏదో ఒకటి ఉంది. పిన్ని మాత్రం, నా గురించి అయితే వద్దు, మీకు ఇష్టమైతేనే చెయ్యండని చెప్పి, లేచి చీర దులుపుకుంది. రెండడుగులు వేసి, కళ్ళు తిరిగి, పక్కనున్న చక్రం పట్టుకుంది. తోట ఆకులు ఇంకా లేవలేదు.

కాసులు ఆమెను చూసింది. మట్టి అంటిన తన చేతులను చూసుకుంది. "తవుడు మా ఇంట్లో ఉంది. తెస్తా," అంది.

*

రొయ్యల మేత పోసే నీలంరంగు డ్రమ్ములోనే కలిపాం. నీళ్ళు కాచి పోసి, పిన్ని మడి నడిమి మట్టి అందులో వేశాం. వేడి సరిపోయిందో లేదో పిన్నే గోరు పెట్టి చూసి, ఊఁ అంది. ఒకరి తర్వాత ఒకరం చేతులు ముంచాం. గోరింటాకు వెలిసిన చేతులు, ఉంగరం ఇరుక్కుపోయిన చేతులు, నూనె చిట్లి మచ్చలు పడ్డ నా చెయ్యి. లోపల అన్నీ ఒకదానికొకటి తగిలాయి. ఎవరి వేళ్ళు ఎవరివో తెలియలేదు. వెచ్చని నీళ్ళలో ఏదో మెత్తగా కదిలి, మణికట్ల చుట్టూ తిరిగి, సద్దుమణిగింది. పడుకోబోతూ సర్దుకునే పసిబిడ్డలా అనిపించింది నాకు.

వకుళ సంచీలోంచి తొడుగులు తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని ఉండి, మళ్ళీ సంచీలో పెట్టేసింది. చెయ్యి పెడితే తాను కూడా ప్రయోగంలో భాగమైపోతుందనీ, ఇక తాను రాసేదాన్ని తోటి శాస్త్రజ్ఞులు ఎవరూ లెక్కలోకి తీసుకోరనీ మాకు తెలియదు, ఆమెకు తెలుసు. మోచేతి దాకా ముంచింది.

మర్నాడు ఆ తోడును అన్ని మడుల్లోనూ పోశాం. తొలకరి వచ్చింది. తోట మునుపటంత పచ్చగా లేదు, పాలిపోయీ లేదు. పిన్ని వానాకాలమంతా ఉంది. వడియాలకు డాబా ఎక్కలేకపోయింది గాని, గట్టు దాకా నడిచి వచ్చేది. తర్వాత కొడుకు కుర్చీ తెచ్చి వేసేవాడు. ఆమె కాళ్ళ చుట్టూ గోంగూర ఒరిగి ఉండేది. కాసులు రోజూ ఆమెకు పులుసు తెచ్చి పెట్టేది, తినకపోతే తిట్టేది.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున చిక్కుడుకాయలు కోయడానికి వెళ్ళాను. మంచు గట్ల దాకా నిండి ఉంది. అందులోకి దిగితే ఆకులు తగల్లేదు. వంగి చూస్తే, సాయంత్రం చింతాకు ముడుచుకున్నట్టు, ఏనాడూ ముడుచుకోని వంకాకూ బీరాకూ కూడా ముడుచుకుని ఉన్నాయి. మంచులోంచి ఒక్కొక్కరూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఎవరికీ కబురు రాలేదు. ఎవరూ అడగలేదు. అందరం కలిసి పిన్ని ఇంటికి నడిచాం.

తోట కొన్నాళ్ళు అలాగే ఉంది. ఒక పొద్దున విచ్చుకుంది.

పిన్ని మడిలో ఎవరూ ఏమీ వెయ్యలేదు. గోంగూర దానంతట అదే వస్తుంది. కావలసినవాళ్ళు కోసుకుంటారు. వకుళ చెప్పినట్టే జరిగింది కూడా. మా వీధిలో కొత్తకోడలు నెల తప్పిన సంగతి అత్తగారికి తెలియకముందే ఆ పిల్ల మడి ఊరికి చెప్పింది. ఆ పిల్ల ఏడ్చి, మడి మీద పాత చీర కప్పింది. ఇంకొకామె తన మడి వదులుకుంది. మడి వదులుకున్నా ఆమెకు జ్వరం వచ్చినప్పుడు అందరి మడులూ వాడాయి.

నిన్న నేను తోటకు వెళ్ళలేదు. ఒళ్ళు బరువుగా ఉంటే ఎండదెబ్బ అనుకుని ఇంట్లోనే ఉండిపోయాను. సందె వేళ పాలు కాచి దించుతుంటే కాసులు వచ్చింది, చేతిలో గిన్నెతో. దీపాలు పెట్టకముందే వచ్చానంది. ఆమె ఇంట్లో పెరుగు లేకపోవడం నాకు గుర్తున్నంతవరకు ఎప్పుడూ లేదు.

తోడు వేసి ఇచ్చాను. ఆమె వెళ్ళలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది.

"ఇవాళ నీ మడి చూశానక్కా," అంది. గిన్నె మీద చెయ్యి పెట్టి, "రేపు తొలి బస్సుకి బందరు పెద్దాసుపత్రికి పోదాం. నాతో పాటు ఇంకా ఇద్దరు వస్తామన్నారు," అంది.

ఎందుకని నేను అడగలేదు. పాలలో చిటికెన వేలి గోరు పెట్టి చూశాను. ఇంకా కాలుతున్నాయి. చల్లారేదాకా ఇద్దరం కూర్చున్నాం.